ఉమ్మడి బీరువా

ఆ ఇంట్లో తెల్లవారడమంటే ఇస్త్రీ పెట్టె వేడెక్కడమే. పొయ్యి మీద టీ మరిగేలోపు అత్తగారు హాల్లో బల్లమీద పాత దుప్పటి మడతలు వేసి పరిచి, తడివేలితో పెట్టెని చుయ్యిమనిపించి చూసుకునేది. ఇస్త్రీ అయిన చొక్కాలు ఒక్కొక్కటే కుర్చీల వీపులకెక్కేవి. వాటి తర్వాతే మనుషులకు కూర్చునే చోటు. నిలబడి టీ తాగడం ఆ ఇంట్లో అందరికీ అలవాటైపోయింది. ఆఖరికి ఒకటో తరగతి చదివే పాప కూడా పాలగ్లాసు పట్టుకుని గోడకు జారబడి, పెద్ద ఆరిందాలా నిలబడే తాగేది.

ఆ గురువారం కోడలు అందరికంటే ముందు లేచింది. లేచింది అనడంకన్నా నిద్రపోలేదంటే సరిపోతుంది. ఆమె పనిచేసే బీమా ఆఫీసులో క్లెయిముల విభాగానికి పెద్ద కుర్చీ ఖాళీ అయ్యింది. పాత ఆఫీసరు రిటైరై వెళ్ళిన దగ్గర్నుంచీ ఆ చాకిరీ అంతా చేస్తున్నది ఈవిడే. ఇల్లు మునిగినవాళ్ళు, బండి గుద్దుకున్నవాళ్ళు, మనిషిని పోగొట్టుకున్నవాళ్ళు, అందరూ ఆమె బల్ల దగ్గరికే వచ్చి ఏడ్చి, సంతకాలు పెట్టి, ముక్కు తుడుచుకుని వెళ్ళేవారు. పని ఈమెది, పేరు ఖాళీ కుర్చీది. ఇవాళ ఆ కుర్చీకి ఇంటర్వ్యూ.

స్నానం చేసి వచ్చి, మీగడరంగు చొక్కా వేసుకుని, దానిమీద బూడిదరంగు కోటు తొడుక్కుంది. భుజాలు బాగానే కూర్చున్నాయి. గుండీ పెట్టబోతే మాత్రం రెండు అంచులూ మాటలు మానేసిన తోడికోడళ్ళలా ఎడమొహం పెడమొహంగా ఉండిపోయాయి. ఊపిరి బిగబట్టి లాగి చూసింది. ఊపిరి వదలగానే మళ్ళీ మొదటికొచ్చాయి.

"అత్తయ్యా, కోటు కుట్లు విప్పలేదా?" అని అడిగింది నెమ్మదిగా.

ఇస్త్రీ చేస్తున్న చెయ్యి ఆగిపోయింది. "అయ్యో, నా మతి మండ. నిన్న సాయంత్రం విప్పుదామనే తీసి పక్కన పెట్టుకున్నాను. పాపకి జడ చిక్కు తీస్తూ కూర్చున్నానా, కాస్త నడుం వాల్చానా, అంతే. ఒళ్ళు తెలీలేదు."

ఈ విప్పడం ఏమిటో తెలియాలంటే ఆ ఇంటి బీరువా సంగతి చెప్పుకోవాలి.

కోడలు కాపురానికొచ్చిన ఏడాదే ఆడపడుచు కూడా ఉద్యోగంలో చేరింది. ఆ పిల్లని ఇంట్లో పిచ్చుక అంటారు. సన్నగా ఉంటుంది, ఒకచోట నిలవదు, నోటికి మూత లేదు. ఇద్దరికీ ఒకేసారి ఆఫీసు బట్టలు కావలసివచ్చాయి. అత్తగారు కళ్ళాసుపత్రిలో రిసెప్షను బల్ల వెనక నిలబడి వయసంతా గడిపిన మనిషి. మనిషి నోరు తెరవకముందే ఒంటిమీద గుడ్డ మాట్లాడేస్తుందని అక్కడ నేర్చుకుంది. కూతుర్నీ కోడల్నీ వెంటబెట్టుకుని దుకాణానికి వెళ్ళి, రంగురంగుల తాన్లన్నీ అటు నెట్టేసి, బూడిద, నలుపు, ముదురునీలం, మీగడ, ఈ నాలుగు రంగులే తీసింది. పువ్వుల్లేవు, గళ్ళు లేవు. "ఏ పైది తీసి ఏ కిందదానిమీద వేసినా రెండూ పోట్లాడుకోకూడదు" అన్నది ఆవిడ సూత్రం. నాలుగు పైవీ నాలుగు కిందవీ ఉంటే మార్చి మార్చి వేసుకుని నెలంతా కొత్తగా కనిపించొచ్చు. మామూలు రోజున చొక్కా, ముఖ్యమైన రోజున దానిమీద కోటు. అన్నీ తనే కోసి, తనే కుట్టి, రెండు బీరువాల్లో కాకుండా ఒకే బీరువాలో వేలాడదీసింది. ఎవరికి ఏది కావాలంటే అది తొడుక్కుని వెళ్ళడమే.

మొదట్లో ఇద్దరి ఒళ్ళూ అటూ ఇటూగా ఒకటే. కోడలికి కాస్త బిగువైనా ఆమె సర్దుకుంది. పాప పుట్టాక మాత్రం ఒళ్ళు మారింది, మళ్ళీ వెనక్కి రాలేదు. అత్తగారు దానికీ ఉపాయం కనిపెట్టింది. పక్కకుట్లలో లోపలికి గుడ్డ ఎక్కువగా మడిచి ఉంచి, పిచ్చుక వేసుకునే రోజున బిగించి కుట్టడం, కోడలు వేసుకునే రోజున విప్పి వదులుగా కుట్టడం. "ఒక్క కుట్టు వరసేగా, కథలు వింటూ వింటూ అయిపోతుంది" అనేది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు పనిమాలా వచ్చి ఆ బీరువా తలుపులు తీయించుకుని చూసి వెళ్ళేవారు. "మా ఇళ్ళల్లో గదినిండా గుడ్డలే, తొడుక్కుందామంటే ఒక్కటి కనపడి చావదు. అదృష్టవంతురాలివమ్మా" అని కోడలి బుగ్గ పుణికేవారు. కోడలు నవ్వేది. ఎప్పుడొచ్చి ఎవరన్నా ఆ నవ్వే నవ్వేది, హ్యాంగరుకి తగిలించినట్టు.

ఇప్పుడు అత్తగారు చిన్న కత్తెర పట్టుకుని కోడలి పక్కన ముక్కాలిపీట మీద చతికిలబడింది. కోటు ఒంటిమీదుండగానే కుట్లు కత్తిరించి, సూదీదారంతో వదులుగా కుడుతోంది. విప్పి, ఇస్త్రీ చేసి, మిషను మీద వేసే తీరిక లేదు.

పళ్ళు తోముకుంటూ పిచ్చుక వచ్చి గుమ్మంలో నిలబడింది. "వదినా, నిన్న ఆ కోటు వేసుకెళ్తే మా పెద్ద లాయరు నన్ను 'మీరు' అన్నాడు తెలుసా. అంతకుముందు రోజువరకూ 'ఏయ్ అమ్మాయ్' అనే పిలుపు. అసలు నాకు కాదు, కోటుకే చెప్పినట్టున్నాడు ఆ మర్యాదంతా."

"నోరు ముయ్యవే. నవ్విస్తే సూది గుచ్చుకుంటుంది" అంది అత్తగారు.

"నోరు నాది, నడుము వదినది, సూది నీ చేతిలోది. ముగ్గురం జాగ్రత్తగా ఉందాంలే."

కోడలి భర్త గోదాములో రాత్రి షిఫ్టు ముగించుకుని అప్పుడే ఇంట్లోకి అడుగుపెట్టాడు. కుర్చీలన్నీ చొక్కాలు ఆక్రమించుకుని ఉండటం చూసి, గోడకు ఆనుకుని బూట్లు విప్పుకున్నాడు. "నాకు రెండే ప్యాంట్లు. ఒకటి తడిది, ఒకటి పొడిది. ప్రాణం హాయిగా ఉంది" అన్నాడు ఎవరినీ చూడకుండా.

"నీకు ఎవరూ 'మీరు' అనక్కర్లేదుగా అన్నయ్యా, అందుకే."

అత్తగారు దూరం దూరంగా నాలుగు పెద్ద కుట్లు వేసి, దారం పళ్ళతో కొరికింది. మోకాళ్ళమీద చేతులు ఆనించుకుని లేచి, నాలుగడుగులు వెనక్కి వేసి చూసింది. గుండీ పడింది. మనిషి నిండుగా, నిటారుగా కనపడింది. "దివ్యంగా ఉంది. కాకపోతే చెయ్యి మరీ పైకెత్తకు. కూర్చుని మాట్లాడ్డమేగా?"

"అంతే అత్తయ్యా" అంది కోడలు. బస్సులో పై కడ్డీ పట్టుకోలేదు. సీటు అంచుకి తుంటి ఆనించి, మోచేతులు ఒంటికి అదుముకుని, ప్రతి కుదుపుకీ ఊగుతూ నిలబడింది. ఇంటర్వ్యూ గదిలోకి అడుగుపెట్టకముందే సగం అలసట వచ్చేసింది.

గదిలో ముగ్గురున్నారు. బరువైన పెద్ద మేనేజరొకాయన, కలం మూత తీస్తూ పెడుతూ ఉండే ఇంకొకాయన, పై ఆఫీసు నుంచి వచ్చిన నడివయసు ఆవిడ. ఆవిడ ఇటుకరంగు కోటు తొడుక్కుని ఉంది. అది ఆమె ఒంటికే పుట్టినట్టుంది. కోడలు దాన్ని ఒక్కసారి చూసి చూపు తిప్పుకుంది.

మొదటి ప్రశ్నలన్నీ నల్లేరు మీద బండిలా సాగిపోయాయి. పాత కేసులు అడిగారు, చెప్పింది. దొంగ క్లెయిము ఎలా పట్టుకున్నారని అడిగారు, నవ్వొచ్చేలా చెప్పింది. కలం ఆయన మూత పెట్టేసి, వినడం మొదలుపెట్టాడు. అప్పుడు పెద్ద మేనేజరు గోడకున్న తెల్లబోర్డు వైపు చెయ్యి చూపించాడు. "వరదొచ్చి ఒకేసారి వందల క్లెయిములు మీదపడ్డాయనుకోండి. మీరైతే విభాగాన్ని ఎలా నడుపుతారో అక్కడ గీసి చూపించండి."

ఆమె గుండె ఒక్కసారి ఎగిరింది. ఇది ఆమె సొంత విద్య. కిందటి వానల్లో చేసి చూపించిన పనే. నీళ్ళలో నానిన జనాన్ని కాగితాలు పట్టుకుని రమ్మనకుండా, మన మనుషుల్నే వీధుల వారీగా పంపించి, అక్కడికక్కడే రాసుకురావడం. ఎన్నిసార్లు కూరగాయలు తరుగుతూ మనసులో ఆ పటం గీసుకుందో. లేచి, కలం తీసుకుని, ఎవరైనా రాసేటట్టే బోర్డు పైభాగంలో మొదలుపెట్టబోయింది.

చెయ్యి పైకి వెళ్ళింది. చంక కింద పర్రుమంది.

చప్పుడు చిన్నదే. ఆమె చెవికి మాత్రం గది గోడ కూలినంత వినపడింది. చల్లగాలి చొక్కాలోంచి పక్కటెముకలకు తగిలింది. మోచెయ్యి దానంతటదే కిందికొచ్చి ఒంటికి అతుక్కుపోయింది. ఇక అక్కడినుంచి మణికట్టు ఆడినంత మేరే రాసింది. బోర్డు కింది మూలన, చీమల బారులాంటి అక్షరాలు.

"కొంచెం పైన రాయండి. కనపడటం లేదు" అన్నాడు కలం ఆయన.

"నోటితో కూడా చెప్తాను సర్" అంది గానీ నోరు ఒక దారి, బుద్ధి ఒక దారి. వెనక కనపడుతోందా, పక్కన కనపడుతోందా, ఎటు తిరగాలి. వీధుల వారీగా మనుషుల్ని పంపే సంగతే మర్చిపోయింది. అందరూ చెప్పే మాటలే చెప్పింది. బల్లకి ఇన్ని ఫైళ్ళు, రోజుకిన్ని సంతకాలు.

"ఇంకేమైనా చెప్తారా?" అంది ఇటుకరంగు కోటావిడ. ఆ గొంతులో ఆశ ఉంది. అదే మరీ కష్టమైపోయింది.

"లేదండి" అంది కోడలు. నమస్కారం పెట్టకుండా తలవంచి, గోడవారగా పక్కకి పక్కకి నడిచి బయటికొచ్చేసింది.

స్త్రీల గదిలో తలుపు వేసుకుని కోటు విప్పి చూసింది. దారం తెగి ఉంటే తప్పు దారంమీదికి నెట్టేసేది. దారం గట్టిగానే ఉంది. కుట్టు పక్కన గుడ్డే పోయింది. దాన్ని మడిచి సంచిలో పెట్టుకుని, సాయంత్రం వరకూ క్లెయిములు చూసింది. ఒక ముసలాయన తన మునిగిన కుట్టుమిషను గురించి చాలాసేపు చెప్పాడు. అంతా విని, రాసుకుని, మంచినీళ్ళు ఇచ్చి పంపింది.

ఇల్లు చేరేసరికి ఇంకా పొద్దు ఉంది. అత్తగారు గుమ్మంలోనే ఎదురొచ్చింది, కోడలి మొహం చూసి టీ గ్లాసు చేతికిచ్చింది. ఇద్దరూ నిలబడే ఉన్నారు. ఆ నిమిషం అలా గడిచిపోతే ఏమయ్యేదో గానీ, పిచ్చుక ఎగురుకుంటూ లోపలికొచ్చింది.

"ఏమైంది వదినా, కుర్చీ మనదేనా? అన్నట్టు అమ్మా, సోమవారం నాకు మళ్ళీ కోర్టు పని. కోటు బిగించి పెట్టు."

కోడలు సంచిలోంచి కోటు తీసి బల్లమీద పెట్టింది. "ఇంక బిగించడానికేం లేదు."

అత్తగారు కళ్ళద్దాలు పెట్టుకుని, చిరుగులో వేలు దూర్చి చూసింది. "ఓసి, ఇంతేనా. లోపల చిన్న ముక్క పెట్టి అతికేస్తే తెలియనే తెలీదు."

"నాకు తెలుస్తుంది అత్తయ్యా."

"అందుకే చెప్పాను, చెయ్యి పైకెత్తకు అని."

కోడలు నవ్వింది. ఎప్పటి నవ్వు కాదు అది. వినడానికి దగ్గులా ఉంది. టీ గ్లాసు కింద పెట్టింది.

"చెయ్యెత్తమన్నారు అత్తయ్యా. ఇన్నేళ్ళ ఉద్యోగంలో మొట్టమొదటిసారి నన్ను లేచి నిలబడి, నా పనేమిటో పైన రాసి చూపించమన్నారు. ఆ ఒక్కసారికీ నా చెయ్యి లేవలేదు."

పాప బొమ్మల పుస్తకం మూసి, తల్లి మొహం చూసి, మెల్లగా పడకగదిలోకి జారుకుంది.

"నేను కావాలని చేశానా?" అంది అత్తగారు. గొంతు కొంచెం పెరిగింది. "మోకాళ్ళు పట్టేసినా పొద్దున్నే పీట మీద కూర్చుని కుట్టానా లేదా? ఎవరి కోసం? ఈ బీరువా ఎందుకు పెట్టాను? కూతురికో రకం, కోడలికో రకం చూసిందని నలుగురూ నన్ను అనకూడదనే కదా. ఒక్క నూలుపోగు తేడా రానివ్వలేదు నేను. దానికేది ఉంటే నీకూ అదే ఉండాలి అనుకున్నాను. ఏ అత్త చేస్తుంది చెప్పు."

"నిజమే. రకం ఒకటే అత్తయ్యా. కొలత మాత్రం మీ అమ్మాయిది."

అత్తగారు చిరుగులోంచి వేలు బయటికి తీసింది.

కోడలు అరవలేదు. అరిచే ఓపికే ఉంటే సంగతి వేరుగా ఉండేది. మెట్లెక్కి వచ్చిన మనిషిలా ఆగి ఆగి మాట్లాడింది. "పిచ్చుక కొలతకి కోశారు. నాకు విప్పారు. నా ఒళ్ళు మారింది, ఇంకాస్త విప్పారు. మళ్ళీ దానికి బిగించారు, మళ్ళీ నాకు విప్పారు. నాకని ఒకటి కొయ్యాలని మీకు తోచలేదు. అడగాలని నాకూ తోచలేదు. ఆఫీసులో నన్ను గ్రే మేడమ్ అంటారు తెలుసా? పేరుతో పనిలేకుండా పోయింది. అన్నిటిమీదకీ కలిసిపోతాను కదా. ఎవర్నీ ఏమీ అనట్లేదు నేను. అలిసిపోయాను. అంతే."

పిచ్చుక అంతవరకూ నోరెత్తకుండా ఉండటమే ఒక వింత. గోడకేసి చూస్తూ అంది, "అమ్మా, తిట్టనంటే ఒకటి చెప్తా. నాకు ఆఫీసులో ఒక చొక్కా ఉంది. ఆవపువ్వు రంగుది. సొరుగులో దాచుకున్నా. అక్కడికెళ్ళాక మార్చుకుంటా, వచ్చేటప్పుడు మళ్ళీ ఇది వేసుకుంటా."

"నువ్వు కూడానా?" అంది అత్తగారు.

"కుట్టింది నువ్వు కదా, బాధపడతావని."

సరిగ్గా అప్పుడు లోపల్నుంచి భర్త కళ్ళు నులుముకుంటూ వచ్చాడు. "ఏమైంది, ఎవరన్నా పోయారా?"

"ఏం లేదన్నయ్యా. నీ రెండు ప్యాంట్లూ క్షేమంగా ఉన్నాయి. వెళ్ళి పడుకో" అంది పిచ్చుక. అతను ముగ్గురి మొహాలూ చూశాడు, ఇది తన చేతిలో పని కాదనుకున్నాడు, పాప దగ్గరికి వెళ్ళి కూర్చున్నాడు. కొన్నిసార్లు మగవాడు చేయగలిగిన మంచిపని అదే.

అత్తగారు కోటు తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళింది. అలక పూనిందనుకున్నారు ఇద్దరూ. కాసేపయ్యాక కోడలు కూరగాయల బుట్ట కోసం అటు వెళ్తూ చూస్తే, ఆవిడ కోటు పక్కభాగాన్ని వెలుతురుకి అడ్డంగా పట్టుకుని నిలబడి ఉంది. పొద్దువాలే వెలుగు కుట్టు వెంట సన్నటి చుక్కలు చుక్కలుగా ఇవతలికి కారుతోంది. వరస పక్కన వరస, దానిపక్కన ఇంకో వరస. విప్పిన ప్రతిసారీ, బిగించిన ప్రతిసారీ సూది పెట్టిన చిల్లులు.

"ఇది గుడ్డ కాదమ్మాయ్, జల్లెడ" అంది అత్తగారు వెనక్కి తిరక్కుండానే. "ఇంతకాలం దీన్ని కుడుతున్నానే అనుకున్నాను."

కోడలు బుట్ట తీసుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి, చెప్పులు విప్పుతూనే చెప్పింది, "రాలేదు. వేరే ఊరి బ్రాంచి నుంచి ఒకాయన వస్తున్నాడు."

అత్తగారు కుర్చీమీదున్న చొక్కాలు తీసి పక్కన పడేసి, అందులో కూర్చుండిపోయింది. ఊరుకోబెట్టే మాట ఒక్కటీ ఆడలేదు. పోయేదేదో పోయింది, వచ్చేది వస్తుంది అన్న ఊసే ఎత్తలేదు. "నా వల్లే" అంది.

"సగమే" అంది కోడలు. రెండో కుర్చీ ఖాళీ చేసి తనూ కూర్చుంది. ఆ ఇంట్లో ఆ వేళప్పుడు ఇద్దరు మనుషులు ఎదురెదురుగా కూర్చోవడం అదే మొదలు. "మిగతా సగం నాది. ఇవాళ ఆ ఇటుకరంగు కోటావిడ నా బల్ల దగ్గరికొచ్చింది. 'మీరు వానల్లో చేసిన పని నాకు తెలుసు, బోర్డు మీద రాస్తారని చూశాను, రాయలేదు. రాయందానికి మార్కులు వెయ్యలేను కదా' అంది. బస్సులో వస్తుంటే తోచింది నాకు. ఆ కోటు విప్పి కుర్చీమీద పడేసి ఉండొచ్చు. ఉత్త చొక్కాతో నిలబడి, బోర్డు నిండా రాసి ఉండొచ్చు. ఎవరు కాదంటారు? మన ఇంటి గుట్టేదో బయటపడిపోతుందన్నట్టు చెయ్యి అదిమి పెట్టుకుని నిలబడ్డాను."

అత్తగారు ఆమెకేసి చూసింది. ఎన్నో ఏళ్ళు కళ్ళాసుపత్రిలో మనుషుల కళ్ళు చూసిన మనిషి. ఇంట్లో ఉన్న ఈ కళ్ళ కింద ఇంత నలుపు ఎప్పుడు చేరిందో చూడలేదు. "రేపు సెలవేగా," అంది. "దుకాణానికి వెళ్దాం. మనిద్దరమే."

శనివారం మధ్యాహ్నం బట్టల దుకాణంలో జనం పలచగా ఉన్నారు. అత్తగారు బల్ల ముందు కూర్చుని, ఎన్నడూ ముట్టని తాన్లన్నీ దింపించింది. చిలకపచ్చ, నెమలికంఠం రంగు, ముదురు వంగపండు రంగు, ఆఖరికి ఇటుకరంగు కూడా. పరిచిన గుడ్డలతో బల్ల జాతరలా తయారైంది.

"ఏదైనా తీసుకో. దేనిమీదకి కలుస్తుందని చూడకు. నేను నోరెత్తను" అని, నిజంగానే పెదాలు బిగించి కూర్చుంది.

కోడలు ఒక్కొక్క గుడ్డా చేత్తో తడిమింది. బాగున్నాయి. అన్నీ బాగున్నాయి. ఏది కావాలో మాత్రం లోపల్నుంచి ఒక్క మాటా రాలేదు. కాలేజీలో చదివేటప్పుడు పంతంపట్టి కొనుక్కున్న రంగేదో ఉండేది. ఏమిటది? పచ్చా, నీలమా? అప్పటి ఆ పిల్ల మొహం గుర్తొస్తోంది గానీ ఒంటిమీద గుడ్డ గుర్తురావడం లేదు.

"నాకేం ఇష్టమో మర్చిపోయినట్టున్నాను అత్తయ్యా" అంది చిన్నగా.

అత్తగారు తల వంచుకుంది. దుకాణంవాడు "ఇంకా చూపించమంటారా?" అన్నాడు. "తొందరేం లేదు నాయనా. చూడనీ" అంది ఆవిడ.

చూడగా చూడగా కోడలి చెయ్యి పక్కకి వెళ్ళి, దించకుండా ఉన్న తాన్లలో ఒకదాని అంచు పట్టుకుని లాగింది. బూడిదరంగు. పాతదానికన్నా ఒక పిసరు వెచ్చగా, తడిసిన రాయిలా ఉంది.

అత్తగారి మొహం పాలిపోయింది. "మళ్ళీ అదేనా? నామీద జాలిపడి తీసుకోకు తల్లీ. అంత పని చెయ్యకు."

"జాలి కాదు. నిజంగానే నచ్చింది. పొద్దున్నే లేచి దేనిమీదకి ఏదని బుర్ర బద్దలు కొట్టుకునే ఓపిక నాకు లేదు. మీరు మొదట్లో చెప్పిన మాట సరైనదే, నాలుగు రంగులూ ఒకదానితో ఒకటి కలిస్తే బతుకు తేలిక. నా కోపం రంగు మీద కాదు అత్తయ్యా." గుడ్డ అంచు వేళ్ళమధ్య నలిపి వదిలింది. ముడత పడకుండా మళ్ళీ పరుచుకుంది. "నాకు సరిపోవాలి. అంతే నాకు కావలసింది."

"సరిపోతుంది" అంది అత్తగారు. దుకాణంవాడికి, "నువ్వు ఎప్పుడూ ఇచ్చేదానికన్నా ఒక మూర ఎక్కువే చింపు" అని చెప్పింది. గుమ్మం దిగుతూ అడిగింది, "ఆ ఇంటర్వ్యూ మళ్ళీ ఎప్పుడుంటుందట?"

"తెలీదు. ఏడాది పట్టొచ్చు, ఇంకా ఎక్కువే పట్టొచ్చు."

"నాకంత వద్దు. వారం చాలు."

ఇంటికొచ్చాక అత్తగారు హాల్లో కుర్చీలన్నీ గోడవారకి నెట్టించింది. బీరువాలో బట్టలు అప్పటికే రెండుగా విడిపోయి ఉన్నాయి. అది పిచ్చుక పని. తనకు సరిపడేవి ఏరుకుని సొంత గదిలోకి పట్టుకుపోయింది, ఆవపువ్వు రంగు చొక్కా దర్జాగా కిటికీకి వేలాడదీసింది. "ఇవాళ్టినుంచి నేను కూడా స్వతంత్రురాలినే" అని లోపల్నుంచి కేకేసింది. "ఇస్త్రీ కూడా స్వతంత్రంగా చేసుకో మరి" అంది అత్తగారు. లోపల్నుంచి ఇక చప్పుడు లేదు.

కోడలు నడిమధ్యన నిలబడింది. అత్తగారు టేపు పట్టుకుని ముందు భుజాలు కొలిచింది, తర్వాత చేతుల పొడవు. కొలుస్తూ గొణుగుతోంది. "కుడి భుజం కాస్త కిందికుంది నీకు. బ్యాగు మోసీ మోసీ. ఇది నాకెలా తెలీలేదు?" అంది. ఇంకాసేపటికి, "పాప పుట్టాక పెరిగావు కదూ. కుట్లు విప్పినా చాలడం లేదని నాతో అననే లేదే" అంది.

"మీరు అడగలేదు."

"నువ్వు చెప్పలేదు."

ఇన్నేళ్ళ కాపురంలో వాళ్ళ మధ్య జరిగిన అతి పెద్ద పోట్లాట ఈ రెండు మాటలేనేమో.

ఇక నడుం కొలవాలి. టేపు వెనకనుంచి తిప్పి ముందుకు తేవాలంటే చేతులు రెండూ మనిషి చుట్టూ వెయ్యక తప్పదు. అత్తగారు వేసింది. కొసలు రెండూ ముందు కలిశాయి. కళ్ళద్దాలు బల్లమీదే ఉండిపోయాయి, చెయ్యి వదిలితే టేపు జారుతుంది. "ఎంతుందో నువ్వే చూసి చెప్పు" అంది.

కోడలు తల వంచి చూసింది. ఎవరైనా అడిగితే ఇదివరకు ఒక అంగుళం మింగేసి చెప్పేది. ఇవాళ ఉన్నది ఉన్నట్టు చెప్పింది.

"ఊఁ" అంది అత్తగారు. ఆ అంకెని రెండుసార్లు పైకి అనుకుంది, మర్చిపోకుండా. చేతులు మాత్రం తీయలేదు. ఆవిడ తల కోడలి భుజానికి తగులుతోంది. జుట్టులోంచి ఇస్త్రీ చేసిన గుడ్డ వాసన వస్తోంది. "దీనిమీద ఇంకాస్త వదులు పెడతాను. మనిషన్నాక ఊపిరి పీల్చుకోవాలి" అంది.

కోడలు బిగబట్టి చూసింది, ఆగలేదు. ఆ గురువారం గదిలో రాని ఏడుపు, బస్సులో రానిది, ముసలాయనకి మంచినీళ్ళు ఇచ్చేటప్పుడు రానిది, ఇప్పుడొచ్చింది. భుజాలు కదిలిపోతున్నాయి. టేపు కూడా కదులుతోంది.

"కదలకు తల్లీ" అంది అత్తగారు, తన కళ్ళనీళ్ళు కోడలి చొక్కాకే తుడుచుకుంటూ. "ఇట్లా ఏడిస్తే కొలత తప్పుతుంది. మళ్ళీ మొదట్నుంచి కొలవాలి."

"కొలవండి" అంది కోడలు.